వెనక కమాన్ కట్టలు దించే ముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. అంబాసిడర్ వెనక ఎత్తుగా కనబడుతోందనీ, కమాన్ కట్టలోంచి, అంటే వెనక బరువు మోసే లీఫ్ స్ప్రింగులోంచి, ఒకటి రెండు పట్టాలు తీయించేస్తాననీ రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. పట్టా తీస్తే బండి దిగుతుంది, కానీ కట్ట బలం కూడా తగ్గిపోతుంది. ఆ పట్టా మోసే బరువంతా మిగతావాటి మీద పడుతుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని గుంటలో దిగగానే యాక్సిల్ పైకొచ్చి బంప్ స్టాప్ రబ్బరును గుద్దుతుంది. కొన్నాళ్లకి కన్ను (పట్టా చివర చుట్టిన రింగు) దగ్గరో, పట్టాల్ని మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు బెజ్జం దగ్గరో మెయిన్ పట్టా విరుగుతుంది. నీకు కావలసింది ఎత్తు తగ్గడం, కట్ట మెత్తబడడం కాదు.

ముందు కొలతలు తీసుకో. టైర్లలో గాలి సమంగా పెట్టి, ట్యాంకు సగం నింపి, బండిని చదునైన గచ్చు మీద నిలబెట్టు. చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకో. వెనక కుడి ఎడమలకి 10 మి.మీ. మించి తేడా ఉంటే ఒక కట్ట అప్పటికే కూర్చుండిపోయిందన్నమాట. ముందు అది బాగు చేయించాలి. తర్వాత కిందికి దూరి యాక్సిల్ గొట్టానికీ బంప్ స్టాప్‌కీ మధ్య ఎంత జాగా ఉందో చూడు. దించాక కూడా అక్కడ కనీసం 50 మి.మీ. మిగలాలి. మన రోడ్లకి 25 మి.మీ. దించితే చాలు, 40 దాటొద్దు. స్పీడ్ బ్రేకరు లెక్కప్రకారం కట్టినా 10 సెం.మీ. ఎత్తుంటుంది, ఊళ్లలో కట్టేవి లెక్కలో ఉండవు.

దించడానికి నేను ఒప్పుకునే పద్ధతులు రెండు. మొదటిది దిమ్మ, అంటే లోవరింగ్ బ్లాక్. యాక్సిల్ కట్ట పైన కూర్చుని ఉంటేనే ఇది పనిచేస్తుంది. లారీల్లోలాగా కట్ట యాక్సిల్ పైన ఉంటే అదే దిమ్మ బండిని ఇంకా లేపుతుంది. కాబట్టి కొనే ముందు కళ్లారా చూసుకో. దిమ్మ గట్టి ఇనుముదో అల్యూమినియందో ఒకే ముక్కగా ఉండాలి, చెక్క వద్దు, రెండు దిమ్మలు ఒకదాని మీద ఒకటి అసలే వద్దు. వెడల్పు పట్టా వెడల్పంత, పొడవు యాక్సిల్ సీటుకి (యాక్సిల్‌కి కట్ట ఆనే చోటు) తగ్గకుండా ఉండాలి. కింద బెజ్జంలో సెంటర్ బోల్టు తల బిగుతుగా దిగాలి, పైన ఉన్న పిన్ను యాక్సిల్ సీటు బెజ్జంలో కూర్చోవాలి. అక్కడ వదులుంటే బ్రేకు వేసిన ప్రతిసారీ యాక్సిల్ జరుగుతుంది, బండి ఓరగా నడుస్తుంది.

యాక్సిల్‌ని కట్టకి బిగించే యూ బోల్టులు కొత్తవే వెయ్యి, దిమ్మ మందమంత పొడవు ఎక్కువ ఉన్నవి. పాతవి ఒకసారి సాగిపోయినవి, మళ్లీ బిగిస్తే పట్టు నిలవదు.

పని వరస ఇది. ముందు చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, వెనక చాసిస్ కింద స్టాండ్లు పెట్టు. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరకు. యాక్సిల్ కింద ట్రాలీ జాకీ పెట్టి, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పి, తర్వాత యూ బోల్టులు విప్పు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకో. యాక్సిల్‌ని దిమ్మ పట్టేంతే లేపు, బ్రేకు హోసు లాగబడుతుందేమో చూస్తూ ఉండు. నట్లు నాలుగూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా మాన్యువల్లో ఇచ్చిన టార్కు దాకా బిగించు. 100 కి.మీ. తిరిగాక మళ్లీ బిగించాలి, ఇది మరిచిపోతే యూ బోల్టులు వదులై సెంటర్ బోల్టు తెగుతుంది.

రెండో పద్ధతి, కట్ట విప్పించి వంపు తగ్గించడం. దీనికి ప్రెస్ ఉన్న షాపే కావాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కమాన్ పని చేసేవాళ్లు ఉన్నారు. వెళ్లేముందు ఒక్క మాట అడుగు: చల్లగా వంచుతారా, గ్యాస్‌తో కాచి వంచుతారా? కాచి వంచేవాళ్లకి ఇవ్వకు. స్ప్రింగు ఉక్కుకి ఆ సత్తువ దాదాపు 900 డిగ్రీలకి కాచి, నూనెలో ముంచి, మళ్లీ 400-500 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తే వచ్చింది. ఒకచోట గ్యాస్ మంట పెడితే అక్కడ ఆ సత్తువ పోతుంది, పట్టా అక్కడే కుంగుతుంది. సుత్తి గంట్లు కూడా పడకూడదు, ముఖ్యంగా పట్టా పైముఖం మీద. బరువు పడినప్పుడు సాగేది ఆ ముఖమే, పగులు అక్కడే మొదలవుతుంది. కట్ట విప్పేటప్పుడు సెంటర్ బోల్టుకి రెండు పక్కలా క్లాంపు వెయ్యకుండా నట్టు తియ్యకు, పట్టాలు ఎగిరి చెయ్యి విరుగుతుంది.

వంపు తగ్గితే కట్ట పొడవు పెరుగుతుంది. కన్ను నుంచి కన్నుకి 1200 మి.మీ. ఉన్న కట్టలో వంపు 100 నుంచి 75కి దించితే దూరం దాదాపు 10 మి.మీ. పెరుగుతుంది, కట్ట వెనక కన్నుని చాసిస్‌కి కలిపే షాకిల్ అనే లంకె అంత వెనక్కి వాలుతుంది. షాకిల్ వెళ్లి చాసిస్‌కి తగలకుండా చూడు. షాకిల్ పొడవు పెంచితే దిగుతుందని ఎవరైనా చెబితే నమ్మకు, షాకిల్ చాసిస్ నుంచి కిందికి వేలాడే బండి దాంతో ఇంకా లేస్తుంది.

ఏ పద్ధతైనా సరే, కన్ను బోల్టులూ షాకిల్ బోల్టులూ చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు బిగించు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలితిరిగి బండిని పైకి తన్నుతూ ఉంటాయి, తొందరగా చిరిగిపోతాయి.

ఇక నా అభిప్రాయం అడిగితే దిమ్మే వెయ్యి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన తీరు మార్చడాన్ని పట్టించుకుంటుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని ఆ పేరుతో నమోదు చేయించాలన్నా అసలు రూపమే చూస్తారు. దిమ్మ ఒక్క పూటలో తీసేయొచ్చు, వంచిన పట్టా మళ్లీ కొత్తది కాదు. దిమ్మకి ఒక లోపముంది, యాక్సిల్ కట్టకి దూరమైన కొద్దీ గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కట్ట ఎక్కువ మెలితిరుగుతుంది. 25 మి.మీ.కి అంత భయం లేదు.

పినియన్ ముక్కూ (వెనక యాక్సిల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చోటు) గేర్‌బాక్స్ వెనక భాగమూ ఒకే వాలులో ఉన్నాయో లేదో కోణం కొలిచే పనిముట్టుతో దించకముందూ దించాకా చూడు. ఒక డిగ్రీ మించి తేడా వస్తే వేగం మీద అదురు పుడుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లలో ఉండే క్రాసులు అరుగుతాయి. అప్పుడు యాక్సిల్ సీటు కింద రెండు డిగ్రీల వాలు ముక్క పెట్టాలి. మందం వైపు ముందుకి పెడితే పినియన్ ముక్కు లేస్తుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కుడి వైపూ ఎడమ వైపూ కొలిస్తే రెండూ 3 మి.మీ. లోపు తేడాతో సమంగా రావాలి.

చివరగా హెడ్‌లైట్లు. అంబాసిడర్ ముందు వెనక చక్రాల మధ్య 2464 మి.మీ. ఉంటుంది, వెనక 25 మి.మీ. దిగితే వెలుగు ప్రతి 10 మీటర్లకి 10 సెం.మీ. పైకి లేస్తుంది, ఎదురుగా వచ్చేవాడికి కళ్లు కనిపించవు. రాత్రి బండి తీసే ముందే గోడకి ఎదురుగా నిలబెట్టి వెలుగు దించుకో. ముందు చక్రాలకి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ అనే కడ్డీని ముట్టుకుంటే మాత్రం వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. వెనక కొలతలు తేలాక రాయి, అప్పుడు ముందు భాగం సంగతి మాట్లాడదాం.

మీ మామయ్య