బర్రెకు నొప్పి సూది వేయించే ముందు సీసా మీది పేరు చూడండి

ప్రశ్న: మాకు రెండు ముర్రా బర్రెలు ఉన్నాయి. వానలు పడ్డప్పటి నుంచి ఒకటి వెనక కాలు కుంటుతోంది, ఒళ్లు కాలుతోంది, పాలు సగానికి పడిపోయాయి. ఊళ్లో సూదులు వేసే అతను ఎప్పుడూ వాడే నొప్పి సూది వేస్తానన్నాడు. అది రాబందులను చంపే మందు, బ్యాన్ అయిందని మా అబ్బాయి వద్దంటున్నాడు. బర్రెకు వేసిన మందుతో రాబందు ఎట్లా చస్తుంది? ఇంకో మాట. పోయిన నెల చిరుత మా దూడను చంపింది. మళ్లీ అట్లా జరిగితే కళేబరం మీద పురుగుమందు గుళికలు చల్లమని పక్క చేను వాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాడి రైతు, అమ్రాబాద్ మండలం, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. ఆ సూది వేయించకండి. ముందు బర్రె సంగతి చూద్దాం.

నొప్పి సూదితో కుంటు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ అసలు జబ్బు అట్లాగే ఉంటుంది. కాలు ఎత్తి గిట్టల సందున చూడండి. బురదలో నిలబడే బర్రెలకు వానాకాలంలో అక్కడ పుండు పడి, చీము పట్టి, చెడు వాసన వస్తుంది. అదే అయితే శుభ్రంగా కడిగి, పొడి నేల మీద కట్టేయండి. యాంటీబయాటిక్ ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చెప్పాలి. నాలుక మీద పొక్కులు ఉండి చొంగ కారుతుంటే గాలికుంటు అనుకోవాలి, రెండో బర్రెను వెంటనే దూరంగా కట్టండి. ఈ రోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంటే మూడు రోజుల జ్వరం కావచ్చు. తొడ మీద వాపు ఉండి, వేలితో నొక్కితే కరకరమని చప్పుడు వస్తే మాత్రం జబ్బవాపు. లేత వయసు పశువులకే ఎక్కువగా వస్తుంది కానీ వస్తే ప్రాణాల మీదికి తెస్తుంది. పూట కూడా ఆగకుండా 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్యశాల బండి వస్తుంది.

జ్వరానికీ నొప్పికీ మెలాక్సికామ్ ఉంది, టోల్ఫెనమిక్ యాసిడ్ ఉంది. పశువు బరువు చూసి డాక్టర్ డోసు చెబుతారు. మెలాక్సికామ్‌ను రాబందులకే ఇచ్చి పరీక్షించారు, వాటికి హాని కలగలేదు. మన బర్రెకూ బాగా పని చేస్తుంది. అంటే రాబందు కోసం మీరు మీ పశువు వైద్యం ఏమీ తగ్గించుకోనక్కర్లేదు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. మీ ఊళ్లో వాడుతున్నది డైక్లోఫెనాక్ అయి ఉంటుంది. సూది వేశాక ఆ మందు కొన్ని రోజుల పాటు పశువు కండలో, కాలేయంలో, మూత్రపిండాల్లో ఉంటుంది. ఆ రోజుల్లోనే పశువు చచ్చిపోయి, ఆ మాంసం రాబందు తింటే దాని కిడ్నీలు పని చేయడం మానేస్తాయి. యూరిక్ ఆమ్లం బయటికి పోయే దారి లేక ఒంట్లోనే గడ్డకడుతుంది. అట్లా చచ్చిన పక్షిని కోసి చూస్తే కాలేయం మీద, గుండె మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుని ఉంటుంది. మెడ వాల్చేసి కొమ్మ మీదే కూలబడి, రోజుల్లోనే ప్రాణం వదులుతుంది.

ఒక కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి. అందుకే నూటికి ఒక్క కళేబరంలో ఈ మందు ఉన్నా జాతి నిలబడదని లెక్కలు కట్టి చూపించారు. పైగా రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు పోయాయి. వెయ్యి ఉన్న చోట ఒకటి మిగిలిందన్న మాట. కారణం 2004లో గానీ బయటపడలేదు. మీ నాన్నగారి తరం వాళ్లను అడగండి, చచ్చిన పశువును ఊరి బయట పడేస్తే ఏమయ్యేదో చెబుతారు. అప్పుడు రాబందులు గుంపుగా దిగి ఎముకలు మాత్రం మిగిల్చేవి. ఇప్పుడు ఆ మాంసం కుళ్లి కంపు కొడుతుంది, ఊర కుక్కలు పీక్కుతింటాయి, వాటితో పాటు రేబిస్ టెన్షన్ కూడా పెరిగింది. ఇంత మేలు చేసిన పక్షిని మన పశువుల పాకలోంచే చంపుకున్నామంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లోనే నిషేధించారు. మనుషులకు వాడే పెద్ద సీసాలు తెచ్చి పశువులకు వేస్తుండటంతో 2015లో ఆ సూది మందును 3 మి.లీ. సీసాకే పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, కాబట్టి పేరు వేరు కదా అని మోసపోవద్దు. నిమెసులైడ్ మీద కూడా నిషేధం వచ్చింది. ఎవరు సూది పట్టుకొచ్చినా ముందు సీసా అడిగి తీసుకుని మీ అబ్బాయితో చదివించండి.

మా దగ్గర రాబందులే లేవు కదా అని మీకు అనిపించవచ్చు. మన రాష్ట్రంలో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద పొడవు ముక్కు రాబందుల గూళ్లు 2013లో కనబడ్డాయి. రాబందు తిండి కోసం ఒక్క రోజులో వంద కిలోమీటర్లు దాటి కూడా తిరుగుతుంది. నల్లమల అంచున ఉన్న మీ ఊళ్లలో కళేబరాల్లో ఈ మందు ఉంటే, ఇక్కడికి ఏ రాబందు వచ్చినా బతకదు.

నిషేధించిన మందు పడ్డ పశువు చనిపోతే బయట పడేయకండి. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారితే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అనుమానించాలి. దాన్ని కోయకండి, తోలు తీయకండి, పశువైద్యుడు వచ్చేదాకా ఎవరినీ దగ్గరికి రానీయకండి.

చిరుత విషయంలో మీ కోపం నాకు అర్థమవుతుంది. దూడ పోవడం చిన్న నష్టం కాదు. కానీ గుళికలు చల్లితే చిరుత ఒక్కటే చావదు. నక్క, కాకి, మీ కాపలా కుక్క, వాలితే రాబందు, అన్నీ పోతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మీ మీద కేసు అవుతుంది, జైలు పడుతుంది. ఇంకోసారి జరిగితే కళేబరాన్ని కదిలించకుండా ఫొటోలు తీసి, అదే రోజు మన్ననూరు వైపు అటవీ సిబ్బందికి చెప్పండి. వాళ్లు పంచనామా చేస్తారు, పశువైద్యుడి సర్టిఫికెట్ జతచేసి పరిహారానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోయిన నెల దూడకు సంబంధించి ఫొటోలు గానీ సాక్షులు గానీ ఉంటే అవి తీసుకెళ్లి ఇప్పుడైనా అడిగి చూడండి. దూడలను రాత్రి ఆరుబయట కట్టేయకుండా, తలుపున్న పాకలో లైటు వేసి ఉంచండి.