ఎంపీసీ చదివి బీఏనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఇంజినీరింగ్ వద్దంటోంది. ఎకనామిక్స్ గానీ సోషియాలజీ గానీ చదువుతానని పట్టుబట్టింది. 'ఎంపీసీ చదివి బీఏ ఏంటి?' అని బంధువులు అంటుంటే మాకూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నమస్కారమండీ. ముందు ఆ రెండు సబ్జెక్టులనూ ఒకే గాటన కట్టకండి. రెండూ బీఏలోనే ఉన్నా చదివే తీరు వేరు, తర్వాత వెళ్లే దారులు వేరు.

ఎకనామిక్స్ ఇప్పుడు సగం లెక్కలే. క్యాలిక్యులస్, స్టాటిస్టిక్స్, ఆపైన ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాలను లెక్కలతో, గణాంకాలతో కొలిచే శాస్త్రం). ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ కావాలంటే సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకు పెట్టే ఉమ్మడి ప్రవేశ పరీక్ష) మ్యాథ్స్ పేపర్ తప్పనిసరి. ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ చదివిన పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. మీ అమ్మాయికి ఆ ఇబ్బంది లేదు. ఇంగ్లిష్, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ పేపర్లు రాసి ఆ సీటుకు పోటీ పడొచ్చు. ఎంపీసీ వృథా అయిందనే వాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

సోషియాలజీలో లెక్కలు తక్కువ, చదవడం, రాయడం ఎక్కువ. ఊళ్లకు వెళ్లి మనుషులతో మాట్లాడి, విన్నది రాసుకోవాలి. వ్యాసం రాయమంటే విసుక్కునే పిల్లలకు ఇది కష్టం. సివిల్స్‌కు పనికొస్తుందని మాత్రం ఇందులో చేర్చకండి. సివిల్స్ రాయడానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఆప్షనల్ సబ్జెక్టు ఏదన్నది తర్వాతైనా తేల్చుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. బీటెక్ పిల్లలకు నాలుగో ఏడాదిలో క్యాంపస్ ఉద్యోగం వచ్చినట్టు బీఏ పూర్తికాగానే వస్తుందని నేను చెప్పలేను. ఈ సబ్జెక్టుల్లో పీజీ చేస్తేనే చదువు ఒక కొలిక్కి వచ్చినట్టు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయాలంటే ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. జూనియర్ లెక్చరర్ పోస్టుకూ ఆ సబ్జెక్టులో పీజీ అడుగుతారు. కాబట్టి ఖర్చు లెక్క మూడేళ్లకు కాకుండా ఐదేళ్లకు వేసుకోండి.

అందుకే నా మొదటి ఓటు గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి. అక్కడ ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఎకనామిక్స్, సోషియాలజీ, ఆంత్రోపాలజీ, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, అన్నీ ఉన్నాయి. ప్రవేశం సీయూఈటీతోనే. పీజీ సీటు కోసం మళ్లీ పరుగులు పెట్టే పని ఉండదు. ఖమ్మం నుంచి దూరం కూడా కాదు. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ప్రైవేటుదే అయినా, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఇస్తుంది. అది కూడా చూడండి.

సీయూఈటీ 2022లో మొదలైంది. ప్రస్తుతం ఒక్కో పేపర్‌కు 60 నిమిషాలు, 50 ప్రశ్నలు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పయితే ఒక మార్కు కోత. ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ నుంచి వస్తాయి కాబట్టి ఇంటర్ బోర్డు పుస్తకాలు ఒక్కటే చదివితే చాలదు. ఏ యూనివర్సిటీకి ఏ పేపర్లు రాయాలన్నది మారుతుంటుంది, అప్లికేషన్ పెట్టేముందే చూసుకోండి. నోటిఫికేషన్ ఇంటర్ ప్రాక్టికల్స్, పరీక్షల హడావుడిలో వచ్చి వెళ్లిపోతుంది. చదువు రాక కాదు, తేదీ తెలియక సీటు పోగొట్టుకున్న పిల్లల్ని ఏటా చూస్తుంటాను.

ఇవేవీ రాకపోతే తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల విధానం 'దోస్త్' ఉంది. ఇంటర్ మార్కులతో నిజాం కాలేజీ లాంటి చోట ప్రయత్నించొచ్చు. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకరోజు ఆ కాలేజీకి వెళ్లండి. ప్రిన్సిపాల్‌ని కాదు, అక్కడ చదివే పిల్లల్ని అడగండి: ఈ సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నారా, క్లాసులు జరుగుతున్నాయా అని. పరీక్ష ఫీజు కట్టడానికి, హాల్‌టికెట్ తీసుకోవడానికి మాత్రమే పిల్లలు వచ్చే బీఏలు కూడా మన దగ్గర ఉన్నాయి మరి!

బంధువుల సంగతంటారా, రిజర్వు బ్యాంకుకు వరుసగా ఇద్దరు తెలుగువాళ్లు గవర్నర్లుగా పనిచేశారు. 2003 నుంచి 2008 దాకా ఉన్న వై.వి.రెడ్డి చదివింది ఎకనామిక్సే. ఆయన తర్వాత వచ్చిన దువ్వూరి సుబ్బారావు ఐఐటీలో ఫిజిక్స్ చదివి, ఆ తర్వాత ఎకనామిక్స్ వైపు వచ్చారు. అందరూ గవర్నర్లు కారు, నిజమే. బీటెక్ చేసిన వాళ్లందరూ సుందర్ పిచాయ్‌లు కానట్టే.

ఈలోపు ఒక పని చేయించండి. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ మైక్రో ఎకనామిక్స్ పుస్తకం, సోషియాలజీలో ఇండియన్ సొసైటీ పుస్తకం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దసరా సెలవుల్లో రెండింట్లో తలా రెండు పాఠాలు చదవమనండి. మీరు చెప్పకుండానే ఏ పుస్తకంలో మూడో పాఠం తిప్పిందో గమనించి, నాకు మళ్లీ రాయండి.