ఫెర్రెట్లకు పచ్చిమాంసం అలవాటు చేయడం: భీమవరంలో మా అనుభవం

మీరు అడిగింది ఇది కదా: అమలాపురంలో మీ దగ్గర రెండు ఫెర్రెట్లు (చూడటానికి ముంగిసలా ఉండే పెంపుడు జంతువులు) ఉన్నాయి, ఒకదానికి ఎనిమిది నెలలు, రెండోదానికి మూడేళ్లు. ఇన్నాళ్లూ పిల్లుల డ్రై ఫుడ్ పెట్టారు. ఇప్పుడు పచ్చిమాంసానికి మార్చాలని చూస్తే పెద్దది చికెన్ ముక్కకు మూతి కూడా ఆనించడం లేదు. చేపలూ రొయ్యలూ గుమ్మంలోకే వస్తాయి కాబట్టి అవి పెట్టవచ్చా అని కూడా అడిగారు.

నేను నాలుగేళ్లుగా భీమవరంలో రెండింటిని పెంచుతున్నాను. మగవాడి పేరు బెల్లం, ఆడదాని పేరు మిరియం. నేనూ మీలాగే మార్చాను, తప్పులు చేశాను, చివరికి సగం దారి వెనక్కి వచ్చాను. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: డ్రై ఫుడ్ తగ్గించి మాంసం పెట్టడం వల్ల మా వాటికి మేలే జరిగింది. ఆ మాంసం పచ్చిగానే ఉండి తీరాలన్న పట్టుదల మాత్రం మన ప్రాంతంలో పనికిరాదు. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

ఫెర్రెట్ పుట్టుకతోనే మాంసాహారి. పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటకు వచ్చేస్తుంది. పిండిపదార్థాలను నింపాదిగా అరిగించుకునే ఏర్పాటు ఆ ఒంట్లో లేదు. డ్రై ఫుడ్ గింజలకు ఆకారం నిలవాలంటే ఎంతో కొంత పిండి కలపక తప్పదు. ఈ పిండికీ, వయసు మళ్లిన ఫెర్రెట్లకు క్లోమంలో వచ్చి రక్తంలో చక్కెరను పడగొట్టే ఇన్సులిన్ గడ్డలకూ సంబంధం ఉందని చాలామంది పశువైద్యులు అనుమానిస్తారు. అనుమానమే, రుజువైన మాట కాదు. మాకు వీటిని అమ్మిన దుకాణదారు పెరుగన్నం కూడా పెట్టుకోవచ్చన్నాడు. గోదావరి జిల్లాల వాళ్లం, పెరుగన్నం ఎవరికైనా చలవే అని నమ్మేశాం. తర్వాత రెండు రోజులు ఇల్లు కడుక్కుంటూనే ఉన్నాం.

ఇక మీ పెద్దది ఎందుకు ముట్టడం లేదంటే, మొండితనంతో కాదు. ఫెర్రెట్ ముక్కుతో బతికే జంతువు. పుట్టిన మొదటి కొన్ని నెలల్లో ఏ వాసనకు అలవాటు పడిందో, తర్వాత కూడా దాన్నే తిండిగా గుర్తిస్తుంది. మీరు ముందు పెట్టిన చికెన్ దాని దృష్టిలో తిండే కాదు. చిన్నదాన్ని గురించి మీరు బెంగపడనక్కర్లేదు. మిరియం అయిదు నెలల పిల్లగా మా ఇంటికి వచ్చింది, నాలుగో రోజుకే కోడిమెడను కరుచుకుని సోఫా కిందకు పారిపోయింది. బెల్లం అప్పటికే రెండేళ్లు దాటినవాడు. వాడికి ఏడు వారాలు పట్టింది.

వాడి విషయంలో పనిచేసినది జావ పద్ధతి. ఎముకలేని తొడమాంసం, రెండు కందనకాయలు, ఒక గుండెకాయ, గోరువెచ్చని నీళ్లు కలిపి మిక్సీలో పలచగా తిప్పాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసానికి వాసన రాదు, అందుకే గోరువెచ్చని నీళ్లు. మిక్సీ జారు విడిగా కొనుక్కున్నాను, ఇడ్లీ పిండి రుబ్బే జారులో ఇది తిప్పితే మా అత్తగారు ఊరుకుంటారా? మొదటి రోజు వేలితో కొంచెం తీసి బెల్లం మూతికి రాశాను. వాడు నా ముఖంలోకి ఒకసారి చూశాడు, వెనక్కి వెనక్కి నడిచాడు, గుమ్మం దగ్గర పట్టా మీద మూతి అటూ ఇటూ తుడుచుకుని వెళ్లి పడుకున్నాడు. అదే వరస ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు తుడుచుకోబోయి, ఎందుకో ఆగి, నాలుకతో నాకాడు. ఆ తర్వాత వాడి పాత గింజలనే పొడిచేసి జావ మీద చల్లాను, రోజురోజుకూ పొడి తగ్గిస్తూ జావ చిక్కబరుస్తూ వచ్చాను. జావ నుంచి ఖైమాకు, ఖైమా నుంచి చిన్న ముక్కలకు, ముక్కల నుంచి ఎముకకు. ఒక మెట్టు ఎక్కనంటే కిందిమెట్టు మీదే ఇంకో వారం ఉండనిచ్చాను.

ఇందులో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. మూడో వారంలో విసుగొచ్చింది. ‘ఆకలేస్తే అదే తింటుంది’ అన్నారు ఇంట్లో. పిల్లల విషయంలో ఆ మాట ఎంత నిజమో నాకు తెలియదు, ఫెర్రెట్ విషయంలో ప్రమాదం. రాత్రి గింజల గిన్నె తీసేసి ఒట్టి మాంసం పెట్టి పడుకున్నాం. తెల్లారి చూస్తే మాంసం అలాగే ఉంది, బెల్లం వెనుక కాళ్లు ఈడుస్తున్నాడు, నోట్లోంచి చొంగ, కళ్లు ఎటో చూస్తున్నాయి. రక్తంలో చక్కెర పడిపోయింది. చిగుళ్లకు తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తాం. బతికాడు, తర్వాత చేసిన పరీక్షల్లో గడ్డ ఏదీ లేదని తేలింది. కడుపులో ఏమీ లేకుండా నాలుగైదు గంటలు దాటనివ్వకండి. మీ పెద్దదానికి మూడేళ్లు అంటున్నారు, గడ్డలు మొదలయ్యే వయసు అదే. ముందు రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. మన ఊళ్లలో పశువైద్యులు గేదెలకూ కుక్కలకూ అలవాటుపడినవారు, ఫెర్రెట్‌ను చూసి ముంగిస అనుకున్నా తప్పుపట్టకండి. మా వీధిలో సగం మంది అలాగే అనుకుంటారు. ముంగిసను పెంచితే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుందనీ, ఇది అది కాదనీ వచ్చినవాళ్లందరికీ చెప్పడం నాకో దినచర్య.

ఏం పెట్టాలి అన్నదానికి లెక్క మరీ జటిలం కాదు. ఎక్కువ భాగం కండ, పదోవంతు ఎముక, లివర్ ఇరవయ్యోవంతు. లివర్ ఎక్కువైతే విటమిన్ ఎ పేరుకుపోతుంది. గుండెకాయల్లో టారిన్ అనే పోషకం బాగా ఉంటుంది కాబట్టి వాటిని మానకండి. చికెన్ దుకాణంలో మెడలు, గుండెకాయలు, కందనకాయలు కావాలంటే విడిగా తీసి ఉంచుతారు. మా దుకాణంలో ఆయన మొదట్లో ‘పిల్లికా అమ్మా?’ అని అడిగేవారు, ఇప్పుడు ‘బెల్లానికేనా?’ అంటున్నారు. బ్రాయిలర్ మెడ, రెక్క కొస, కౌజుపిట్ట వీటి నోటికి సరిపోతాయి. నాటుకోడి ఎముక గట్టిది, వద్దు. ఉడికిన ఎముక ఏదైనా సరే, ఎంత చిన్నదైనా సరే, పెట్టకూడదు. ఉడికితే పెళుసై సూదుల్లా చీలుతుంది. బెల్లం బరువు కిలోంబావు, రోజుకు తొంభై నుంచి నూరు గ్రాములు తింటాడు, అయిదారు సార్లుగా.

తింటాడు అన్నాను గానీ, సగం తిని సగం దాస్తాడు. ఫెర్రెట్‌కు దాచుకునే బుద్ధి ఉంది. గింజలు దాచినంతకాలం అది ముచ్చటగానే ఉండేది. మాంసం మొదలుపెట్టిన నెలలో ఒక రోజు బీరువా వెనక నుంచి చీమల బారు కనిపించింది. దాని వెంట వెళ్తే మావారి పెళ్లినాటి తోలుచెప్పుల పెట్టె, అందులో మూడు కోడిమెడలు, ఒక కందనకాయ, మా అబ్బాయి పోగొట్టుకున్న రబ్బరు బంతి. మే నెలలో మన ఉక్కకు మాంసం ఎంతసేపు నిలుస్తుందో మీకు చెప్పాలా? అప్పటి నుంచి స్నానాలగదిలో, పలకల నేల మీద, తలుపు వేసి పెడుతున్నాను. అరగంటలో మిగిలింది తీసి పారేస్తాను. ఫెర్రెట్లు ఎలాగూ వేడికి తట్టుకోలేవు, ముప్పై డిగ్రీలు దాటితే వడదెబ్బే, కాబట్టి మీ ఇంట్లోనూ ఏసీ గది ఉండే ఉంటుంది. అక్కడే పెట్టినా సరే, తివాచీ మాత్రం తీసేయండి.

చేపల సంగతి. పచ్చిగా వద్దు. మన చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె, బంగారుతీగ ఇవన్నీ కార్ప్ కుటుంబం చేపలు. ఈ కుటుంబంలో చాలావాటి పచ్చి కండలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను విరగ్గొట్టేస్తుంది. రోజూ పెడితే కొన్ని వారాల్లో నరాల జబ్బు వస్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. ముళ్లు తీసి ఉడికించిన ముక్క ఎప్పుడైనా ఒకటి పెట్టండి, రొయ్య అయినా అంతే. ఎండుచేపలు అసలు వద్దు, ఉప్పు. మా పక్కింటి పిన్నిగారు ప్రేమకొద్దీ ఎండు నెత్తళ్లు పెట్టారు, మిరియం ఆ రాత్రంతా నీళ్ల గిన్నె వదల్లేదు.

ఎలుకలూ అంతే. ఫెర్రెట్ ఎలుకను పడుతుంది, ‘సహజమైన ఆహారం’ అని మనకూ సంబరంగా ఉంటుంది. కానీ సార్వా కోతలయ్యాక పొలాల్లోంచి ఇళ్లలోకి వచ్చే ఎలుక ఏ మందు తిని వచ్చిందో ఎవరికి తెలుసు? జింక్ ఫాస్ఫైడో బ్రోమాడయొలోనో తిన్న ఎలుకను తింటే విషం దీనికీ ఎక్కుతుంది. ఎలుకల జ్వరం మాట సరేసరి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, నేను వెనక్కి వచ్చిన కారణానికి. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరులోనూ, తణుకు మండలం వేల్పూరులోనూ కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. భోపాల్ ల్యాబ్‌కు పంపిన నమూనాల్లో హెచ్5ఎన్1 అని నిర్ధారించారు. ఆ రెండూ మాకు దగ్గరి ఊళ్లే. చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి, ధర పడిపోయింది, బాగా ఉడికించి తింటే భయం లేదని అధికారులు చెప్పారు. మనుషులకు ఆ మాట చాలు. పచ్చిగా తినేవాటికి? ఫ్లూ విషయంలో ఫెర్రెట్ మామూలు జంతువు కాదు. మనిషి ఫ్లూ వైరస్‌ను 1933లో లండన్‌లో శాస్త్రజ్ఞులు మొదటిసారి పట్టుకున్నది ఫెర్రెట్లకు అంటించే. ఇప్పటికీ ఫ్లూ పరిశోధనల్లో ఎక్కువగా వాడేవాటిలో ఇవి ఉన్నాయి, అంత సులువుగా అంటుకుంటుంది వీటికి. మనకు జలుబు చేసినప్పుడు మూతికి గుడ్డ కట్టుకుని వీటిని ఎత్తుకోవాలి అనేది అందుకే. అంతకు రెండు నెలల ముందే, 2024 డిసెంబరులో, అమెరికాలోని ఒరెగాన్‌లో పచ్చి టర్కీ మేత తిన్న ఒక పెంపుడు పిల్లి హెచ్5ఎన్1తో చనిపోయింది. ఫ్రీజర్లో పెడితే వైరస్ చావదు, నిద్రపోతుందంతే.

ఆ రాత్రి ఫ్రీజర్లో ఉన్న నాలుగు కిలోలూ మూటగట్టి గోతిలో పూడ్చి సున్నం చల్లాను. మరుసటి రోజు నుంచి ఎముకలేని మాంసం నీళ్లలో ఉడికించి పెట్టడం మొదలైంది. లోపలంతా 70 డిగ్రీలు దాటితే ఆ వైరస్ చస్తుంది. ముక్కలు ఉడికిన నీళ్లు పారబోయను, టారిన్ ఆ నీళ్లలోకే దిగుతుంది, చల్లార్చి ముక్కల మీదే పోస్తాను. ఎముక లేదు కాబట్టి కాల్షియం కోసం గుడ్డుపెంకులు. పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మెత్తగా పొడి కొట్టి, కిలో మాంసానికి అయిదారు గ్రాములు కలుపుతాను. మన దగ్గర గుడ్లకు కొదవ లేదు గదా. నిజం చెప్పాలంటే మొదట నాకే చిన్నతనంగా అనిపించింది, ఏడు వారాలు పాటుపడి అలవాటు చేసిన పచ్చిమాంసాన్ని నా చేతులతోనే ఉడికిస్తున్నానే అని. బెల్లానికి ఆ బాధేమీ లేదు. వేడి ఆరకముందే గిన్నె చుట్టూ గంతులు.

కోళ్ల జబ్బు సద్దుమణిగాక కూడా పూర్తిగా పచ్చికి తిరిగి వెళ్లలేదు. వలస పిట్టలు వచ్చే చలికాలమంతా ఉడికించినదే. వేసవిలో నమ్మకమైన చోట నుంచి, కళ్ల ముందు కోసినదైతే, వారానికి రెండుసార్లు పచ్చి మెడలు. వాటి పళ్లకు ఆ కొరుకుడు మంచిదే. ప్రమాదం అప్పుడు మాత్రం సున్నా అని అనను, పచ్చిమాంసంతో సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఎప్పుడూ ఉంటుంది. గిన్నె, చేతులు, నేల సబ్బుతో కడుగుతాను, చిన్నపిల్లలను ఆ సమయంలో దగ్గరకు రానివ్వను.

ఇంకొకటి, కరెంటు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు కరెంటు పోయింది, ఫ్రీజర్లో సరుకంతా కరిగింది. ఆ రోజుల్లో బెల్లాన్నీ మిరియాన్నీ నిలబెట్టినవి నేను తిట్టిపోసిన ఆ డ్రై ఫుడ్ గింజలే. వారానికి రెండుసార్లు గుప్పెడు గింజలు పెట్టి ఆ వాసన మరిచిపోకుండా చూసి ఉండబట్టి తిన్నాయి. మీది కోనసీమ, తుపాన్లు మీకు కొత్త కాదు. గింజలు పూర్తిగా మాన్పించకండి.

మార్పిడి సాగినంతకాలం వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచండి. పదోవంతు బరువు తగ్గితే ఆపేసి పాత తిండికి వెళ్లండి. విసర్జన మొదట్లో రంగు మారుతుంది, కంగారుపడకండి. ఆకుపచ్చగా జిగురుగా రెండు రోజులు దాటినా, తారులా నల్లగా వచ్చినా డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. మీ పెద్దదాని చక్కెర పరీక్ష ఫలితం వచ్చాక అంకె ఎంతో ఇక్కడ రాయండి, అది చూశాక జావ ఎంత వేగంగా చిక్కబరచాలో మాట్లాడుకుందాం.