విమానం బాడీ మార్చే ఉద్యోగానికి ఏం చదవాలి?

ప్రశ్న: మాది ఉప్పల్. నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌ని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎప్‌సెట్ రాసి సీఎస్ఈలో చేరమని మేం అంటుంటే, తను విమానాల మెయింటెనెన్స్ చదువుతానంటోంది. ‘ప్రభుత్వాలే రూల్ పెట్టి విమానాల బాడీలో మార్పులు చేయిస్తాయి నాన్నా, ఆ పని చేసేవాళ్లు ఎప్పుడూ కావాలి’ అని వాదిస్తోంది. కంపెనీ తయారుచేసిన విమానాన్ని ప్రభుత్వం ఎందుకు మార్పిస్తుంది? అదొక ఉద్యోగమేనా? ఒక కాలేజీవాళ్లు కోర్సు అయ్యేసరికి లైసెన్సు చేతికొస్తుందన్నారు. నమ్మొచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తానండీ. ఆ మాట నమ్మకండి. కారణం తర్వాత చెప్తాను. మీ అమ్మాయి చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. పదిహేడేళ్ల పిల్ల ఆ సంగతి తెలుసుకుందంటే నాకు ముచ్చటేసింది. నా దగ్గరకు విమానాల మీద ఇష్టంతో వచ్చే పిల్లల్లో ఎక్కువమంది కాక్‌పిట్ ఫొటో చూపిస్తారు. రివెట్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మీ డిపోలో ఒక బస్సు ఫ్రేమ్‌కు పగులు వచ్చిందనుకోండి. మీరు చూస్తారు, సరిచేస్తారు, బండి రూట్‌లోకి వెళ్తుంది. విమానాల్లో కథ అక్కడితో ఆగదు. ఒక విమానంలో వచ్చిన పగులు అదే మోడల్‌లో మిగతావాటికీ రావచ్చనిపిస్తే, ఆ విమానం డిజైన్‌కు అనుమతి ఇచ్చిన దేశపు ప్రభుత్వ సంస్థ ఒక ఆదేశం జారీ చేస్తుంది. దాన్ని ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్ అంటారు. హ్యాంగర్లలో, అంటే విమానాలు రిపేరు చేసే పెద్ద షెడ్లలో, అందరూ ఏడీ అనే అంటారు. బోయింగ్ విమానాలకు అమెరికాలోని ఎఫ్ఏఏ, ఎయిర్‌బస్‌లకు యూరప్‌లోని ఈఏఎస్ఏ ఇస్తాయి. మన దగ్గర ఎగిరే విమానాలకు వాటిని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తప్పనిసరి చేస్తుంది. తయారీ కంపెనీ పంపే సర్వీస్ బులెటిన్ మామూలుగా సలహా కిందే లెక్క. ఏడీ వచ్చిందంటే అది చట్టం. గడువులోగా చేయకపోతే విమానం ఎగరకూడదు.

ఆ ఆదేశం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. 2019లో బోయింగ్ 737 ఎన్‌జీ విమానాల్లో రెక్కను బాడీతో కలిపే చోట ఉండే ‘పికిల్ ఫోర్క్’ అనే భాగానికి పగుళ్లు కనిపించాయి. విమానం జీవితకాలమంతా పగలకుండా ఉండాల్సిన భాగమది. అక్టోబరులో ఎఫ్ఏఏ ఏడీ ఇచ్చింది. 30,000 సైకిల్స్ దాటిన విమానాలను 7 రోజుల్లో చూడాలి. 22,600 దాటినవాటిని మరో 1,000 సైకిల్స్ లోపు చూడాలి. పగులుంటే సరిచేశాకే ఎగరాలి. ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్. మీరు బస్సుకు కిలోమీటర్లు లెక్కేస్తారు, వాళ్లు విమానం బాడీకి సైకిల్స్ లెక్కేస్తారు.

సైకిల్సే ఎందుకంటే, పైకి వెళ్లిన ప్రతిసారీ లోపల గాలి ఒత్తిడి పెంచాలి. బాడీ బూరలాగా కంటికి కనిపించనంత ఉబ్బుతుంది, దిగాక మామూలు స్థితికి వస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరకు తెగుతుంది కదా, ఇదీ అంతే. గంటసేపు ఎగిరినా పది గంటలు ఎగిరినా ఉబ్బడం ఒక్కసారే. అందుకే చిన్న చిన్న దూరాలకు తిరిగే విమానం బాడీ త్వరగా అలసిపోతుంది.

హవాయి దీవుల మధ్య తిరిగే అలోహా ఎయిర్‌లైన్స్ 737 ఒకటి 1988 ఏప్రిల్ 28న అలాగే అలసిపోయింది. అప్పటికి దానికి 19 ఏళ్లు, 89,680 సైకిల్స్. 24,000 అడుగుల ఎత్తులో ముందు భాగం పైకప్పు రేకు ఊడి ఎగిరిపోయింది. ఒక ఫ్లైట్ అటెండెంట్ చనిపోయారు. మిగతా అందరినీ పైలట్లు ప్రాణాలతో దింపారు. రేకులు ఒకదానిపై ఒకటి కలిసే చోట వేసిన జిగురు ఊడి, భారమంతా రివెట్ల మీద పడి, వాటి రంధ్రాల దగ్గర పగుళ్లు పుట్టి ఒకదానితో ఒకటి కలిసిపోయాయని దర్యాప్తులో తేలింది. అంతకు ముందు ఏడాదే ఆ అతుకుల మీద ఏడీ ఒకటి వచ్చింది. బోయింగ్ బులెటిన్ అన్ని అతుకులూ చూడమంది, ఏడీ మాత్రం కొన్నిటినే తప్పనిసరి చేసింది. ఈ తేడాను దర్యాప్తు సంస్థ తన రిపోర్టులో తప్పుపట్టింది. ఆ తర్వాత పాత విమానాల మీద చూపు మారింది. చూస్తూ కూర్చోవడం కాదు, ఫలానా సైకిల్స్‌కు ఫలానా భాగాన్ని మార్చేయాల్సిందే అనే ఏడీలు వరసగా వచ్చాయి. మీ అమ్మాయి చెప్పిన ‘రూల్ పెట్టి మార్పించడం’ అదే.

అన్నిటికీ పగుళ్లే కారణం కాదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత తూటా దూరని కాక్‌పిట్ తలుపు పెట్టాలని అమెరికా 2003 ఏప్రిల్ 9 గడువు విధించింది. తలుపు గట్టిదైతే చాలదు. కేబిన్‌లో ఒక్కసారిగా గాలి పోతే తలుపుకు రెండు వైపులా ఒత్తిడి సమానం కావడానికి దారి ఉండాలి. లేకపోతే తలుపును ఆనుకుని ఉన్న గోడ కూలుతుంది. ఇలాంటి లెక్కలు వేసేవాళ్లు వేరు, తలుపు బిగించేవాళ్లు వేరు, బిగించింది సరిగ్గా ఉందని సంతకం పెట్టేవాళ్లు వేరు. మీ అమ్మాయి ఈ ముగ్గురిలో ఎవరు కావాలనుకుంటోందన్నదే అసలు ప్రశ్న.

నన్నడిగితే ఆ సంతకం గురించే ఎక్కువ చెప్పాలి. 1972లో డీసీ-10 అనే పెద్ద విమానం సరుకుల తలుపు గాల్లో ఊడిపోయింది. కింద గాలి పోవడంతో పైన ప్రయాణికుల ఫ్లోర్ కుంగింది. కంట్రోల్ కేబుళ్లు ఆ ఫ్లోర్ కిందే వెళ్తాయి. అయినా అదృష్టం బాగుండి క్షేమంగా దిగింది. ఎఫ్ఏఏ ఏడీ ఇవ్వాల్సింది. కానీ పైస్థాయిలో ఫోన్‌లో మాట్లాడుకుని, కంపెనీయే బులెటిన్లు పంపి సరిచేయిస్తుందని ఒప్పుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే, 1974 మార్చి 3న, పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 అదే తలుపు ఊడి కూలింది. 346 మంది పోయారు. ఆ విమానం కాగితాలు తీసి చూస్తే, తలుపుకు అదనపు ప్లేట్ బిగించినట్టు ఫ్యాక్టరీ రికార్డులో ఇన్‌స్పెక్షన్ స్టాంపులు ఉన్నాయి. తలుపు మీద ప్లేట్ లేదు. తలుపులో మార్పులు, ఫ్లోర్‌లో గాలి పోయే దారులు తప్పనిసరి చేస్తూ ఏడీలు ఆ తర్వాత వచ్చాయి.

ఈ రంగంలోకి పిల్లల్ని పంపే ముందు నేను తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్తాను. మెషీన్లంటే ఇష్టం ఉన్న పిల్లలు చాలామందే ఉంటారు. తెల్లవారుజామున 3 గంటలకు, పొద్దున్నే విమానం గేటుకు వెళ్లాలని పైనుంచి ఒత్తిడి వస్తున్నప్పుడు, ‘నేను చూడలేదు, సంతకం పెట్టను’ అనగలిగే పిల్లలు తక్కువ. మీ అమ్మాయి ఎలాంటిదో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక చదువుల సంగతి. సంతకం పెట్టే దారికి ఏఎంఈ అని పేరు, అంటే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్. ఇంటర్ ఎంపీసీ చాలు. ఆ లైసెన్సు బాడీ, ఇంజన్ల వైపైతే బీ1, ఎలక్ట్రానిక్స్ వైపైతే బీ2. ఇష్టం బాడీ మార్పుల మీదైతే బీ1 తీసుకోవాలి. పరీక్షలు మాడ్యూళ్లుగా ఉంటాయి. లోహాలు, ఫాస్టెనర్ల (రివెట్లు, బోల్టుల లాంటివి) మీద ఒకటి, పనిచేసే పద్ధతుల మీద ఒకటి, మనుషులు చేసే పొరపాట్ల మీద ఒకటి, చట్టం మీద ఒకటి. చట్టం మాడ్యూల్ బోరని పిల్లలు చివరికి నెట్టేస్తారు. ఏడీలు అందులోనే ఉంటాయి. ఈ పరీక్షలు పెట్టేది కాలేజీ కాదు, డీజీసీఏ. ఆమోదం ఉన్న కోర్సు పూర్తిచేసినా, ఎగురుతున్న విమానాల మీద రెండేళ్ల అనుభవం చూపిస్తేనే పెద్ద జెట్ల బీ1 లైసెన్సు వస్తుంది. అదొచ్చాక ఫలానా రకం విమానం మీద పనిచేసే అర్హత, అంటే టైప్ రేటింగ్, ఆ పైన పనిచేసే కంపెనీ ఇచ్చే అనుమతి ఉంటేనే సంతకానికి విలువ. ఇన్ని మెట్లున్నప్పుడు కోర్సుతోపాటే లైసెన్సు చేతికెలా వస్తుందండీ?

బిగించే దారి స్ట్రక్చర్స్ టెక్నీషియన్‌ది. మీ చేతికి ఈ పని విలువ చెప్పకుండానే తెలుస్తుంది. పాత రివెట్లు తీయాలి. రంధ్రాన్ని వెంట్రుకవాసి పెద్దది చేసి, పగులు మిగిలిందేమో ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌తో, అంటే కంటికి కనిపించని పగులును కరెంటుతో పట్టే పరికరంతో చూడాలి. కొన్నిచోట్ల రంధ్రం కంటే కాస్త లావైన మాండ్రెల్ అనే కడ్డీని అందులోంచి లాగుతారు. చుట్టూ లోహం బిగుసుకుని కొత్త పగులు త్వరగా మొదలవదు. ఆపైన అదనపు రేకు వేసి, సీలెంట్ పూసి, సరైన పొడవున్న ఫాస్టెనర్లు బిగించాలి. అల్యూమినియం రేకు మీద మామూలు పెన్సిల్‌తో గుర్తు పెట్టకూడదు, గ్రాఫైట్ వల్ల తుప్పు పుడుతుంది. పాత సీలెంట్‌ను పదునైన పనిముట్టుతో గీకితే పడ్డ గీతలే పగుళ్లుగా మారాయని తేలి, 737లకు విడిగా ఏడీలు వచ్చాయి. అంటే రిపేరు చేసే చెయ్యే రోగం అంటించింది! ఈ పనికి ఐటీఐ, డిప్లొమా నుంచి కూడా వెళ్తారు. మంచి చేతికి హ్యాంగర్‌లో మర్యాద ఎక్కువ, కానీ సంతకం అధికారం ఉండదు.

లెక్కలు వేసే దారికి బీటెక్ కావాలి. ఏరోనాటికల్ లేదా మెకానికల్ చదివి, పైన స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చేస్తే మంచిది. నా మొగ్గు మెకానికల్ వైపే. మనసు మారితే ఇంకో పదిచోట్లకు తలుపు తెరిచే ఉంటుంది. బీటెక్ ఏరోనాటికల్ పాసైతే ఏఎంఈ లైసెన్సు దానంతటదే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు.

హైదరాబాద్‌లో ఉండటం మీ అమ్మాయికి కలిసొచ్చే విషయం. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లలో ఎయిర్‌బస్, బోయింగ్ విమానాల పెద్ద చెక్‌లు జరుగుతాయి. ఏడీల ప్రకారం బాడీలో చేయాల్సిన పెద్ద మార్పులు సాధారణంగా అలాంటి చెక్ సమయంలోనే చేస్తారు, ఎందుకంటే అప్పటికే సీట్లు, ఫ్లోర్ ప్యానెళ్లు తీసి ఉంటాయి. ప్రయాణికుల 737ను సరుకుల విమానంగా మార్చే లైన్‌ను ఇక్కడే పెడతామని బోయింగ్, జీఎంఆర్ కలిసి 2023లో ప్రకటించాయి. బాడీ పక్కన కోసి పెద్ద తలుపు పెట్టి ఫ్లోర్ గట్టిచేయడమంటే మాటలు కాదు. ఆదిబట్లలో టాటా-బోయింగ్ ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు, 737ల నిలువు తోకలు తయారవుతున్నాయి. అక్కడికి డిప్లొమా, బీటెక్ వాళ్లు వెళ్తారు, ఏఎంఈ లైసెన్సు అవసరం ఉండదు. లెక్కల పనికి సైయెంట్ లాంటి ఇంజినీరింగ్ సర్వీసుల కంపెనీలు ఉన్నాయి.

మీరు అడగలేదు గానీ, మీ మనసులో ఉండే ఉంటుంది. హ్యాంగర్లలో నైట్ షిఫ్టులు తప్పవు. మొదటి రెండుమూడేళ్లు ట్రైనీ జీతం తక్కువే. సీఎస్ఈలో చేరిన క్లాస్‌మేట్ మొదటి జీతంతో ఫోన్ కొన్నప్పుడు మీ అమ్మాయికి కాస్త టెన్షన్ వస్తుంది. టైప్ రేటింగ్ వచ్చాక లెక్క మారుతుంది, అప్పటిదాకా ఓపిక పట్టాలి.

నేనైతే ఇలా చేయమంటాను. ఎప్‌సెట్ ఎలాగూ రాయించండి, దానివల్ల నష్టం లేదు. ఈలోపు ఎఫ్ఏఏ వెబ్‌సైట్‌లో ఏదైనా ఒక ఏడీ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని, ఆదివారం ఇద్దరూ కూర్చుని చదవండి. ఏ సీరియల్ నంబర్లకు వర్తిస్తుంది, ఎన్ని సైకిల్స్ లోపు చేయాలి, పగులు కనిపిస్తే ఏం చేయాలి అని అందులో ఉంటుంది. ఇంగ్లిష్ పొడిగా, చట్టంలాగే ఉంటుంది. మీ అనుభవంతో మీరు బొమ్మ గీసి చూపించండి. రెండు పేజీలకే ఆవలిస్తే లెక్కల దారో, సీఎస్ఈయో ఆలోచించండి. ఇంకోటి డౌన్‌లోడ్ చేద్దామంటే ఏఎంఈ గురించి గట్టిగా ఆలోచించవచ్చు.

ఆ కాలేజీకి మళ్లీ వెళ్తే, డీజీసీఏ వెబ్‌సైట్‌లోని ఆమోదిత సంస్థల జాబితాలో వాళ్ల పేరు ఉందా, ఏ విభాగానికి ఉంది అని ముందే చూసుకోండి. ఫీజు లక్షల్లో ఉంటుంది, మొత్తం ఒకేసారి కట్టకండి. ఎగిరే విమానాల మీద ప్రాక్టికల్ శిక్షణ ఏ హ్యాంగర్‌లో, ఎన్ని నెలలు ఇప్పిస్తారో అడగండి. నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి స్టాంపు వేసి ఇమ్మనండి. ఆ కాగితం పట్టుకుని ఆ హ్యాంగర్‌కే ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కోండి.