నులిపురుగులు ఉన్నాయని మందు పోయకండి

యలహంకలో మీ పెరటి పచ్చిక మట్టిని పరీక్ష చేయిస్తే నులిపురుగులు (మట్టిలో ఉండే సన్నని, చిన్న పురుగులు, నెమటోడ్లు) కనిపించాయని, మందు పోయాలా అని అడిగారు కదండీ. దయచేసి వద్దు. వాటిలో చాలా రకాలు బ్యాక్టీరియానూ శిలీంధ్రాలనూ తిని, మిగులు నత్రజనిని మట్టిలోకి వదులుతాయి; గడ్డికి అది ఎరువే. వేళ్లను తినేవి కూడా పూర్తిగా శత్రువులు కావు. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగంలో, మట్టిలోని చిన్న జీవులు ఏపుగా పెరిగే మొక్కలను అదుపు చేయడంతో మిగతా మొక్కలకు చోటు దొరికి, వైవిధ్యం పెరిగింది.

మీరు చూడాల్సింది వేళ్లు. పచ్చికలో వేసిన అలసంద మొక్క ఒకటి పెకలించండి. వేరు మీది బుడిపె గోటితో గీకితే ఊడివచ్చి, లోపల గులాబీ రంగు ఉంటే అది మేలు చేసే రైజోబియం అనే బ్యాక్టీరియా కట్టిన బుడిపె. వేరు తానే ఉబ్బి, బుడిపె ఊడకపోతే అది వేళ్లకు హాని చేసే వేరుముడి నులిపురుగు పని. అలాంటి మొక్కలను వేళ్లతో సహా తీసేసి, అక్కడ బాగా మాగిన పశువుల ఎరువు కలిపి ఆ పురుగు తగ్గేందుకు బంతిపూల మొక్కలు వేయండి.