ఫుకుఓకా రామెన్ షాపులో ఏం అడగాలి, ఎలా తినాలి

మీరు అడిగినవి మూడు: టికెట్ మెషిన్‌లో ఆర్డర్ ఎలా ఇవ్వాలి, పంది మాంసం లేని రామెన్ (సూప్‌లో వేసిచ్చే జపాన్ నూడుల్స్) దొరుకుతుందా, జుర్రుతూ తింటే తప్పా.

ముందు పంది సంగతి. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జపాన్ నగరం ఫుకుఓకాలో, అక్కడి హకాతా ప్రాంతం పేరు మీద వచ్చిన హకాతా రామెన్‌దే రాజ్యం. ఆ తెల్లటి చిక్కటి తొంకొత్సు సూప్ పంది ఎముకల్ని గంటల తరబడి పెద్ద మంట మీద మరిగించి తీసినది. పైన పేర్చే చాషూ (పంది మాంసం) ముక్కలు వద్దన్నా సూప్ పందిదే. షోయు (సోయా సాస్), షియో (ఉప్పు) రకాల పలచటి సూప్‌లలోనూ చాలావాటికి కోడితో పాటు పంది ఎముకలో, ఎండు చేపలో పడతాయి. పైన కూరగాయలు కనిపించినంత మాత్రాన శాకాహారం అనుకోకండి. వీగన్ అని స్పష్టంగా రాసిన షాపే నమ్మకం. టోక్యో స్టేషన్ లోపలున్న టీస్ తాన్‌తాన్ అలాంటిదే.

మెషిన్ సాధారణంగా గుమ్మం దగ్గరే ఉంటుంది. ముందు డబ్బు వేయాలి, తర్వాతే బటన్ నొక్కాలి. పాతవి చాలావరకు 1,000 యెన్ల నోట్లు, నాణేలే తీసుకుంటాయి. 2024 జూలైలో వచ్చిన కొత్త నోట్లను తిప్పికొట్టేవీ ఉన్నాయి, కాబట్టి నాణేలు దగ్గర ఉంచుకోండి. ఏది నొక్కాలో తెలియకపోతే పై వరుసలో ఎడమ చివరిది నొక్కండి, ఎక్కువ షాపుల్లో వాళ్ల ముఖ్యమైన రామెన్ అదే. కొన్ని మెషిన్లలో లీవర్ తిప్పితే గానీ చిల్లర రాదు.

మెషిన్‌లోంచి వచ్చిన టికెట్ షాపువాళ్లకి ఇవ్వగానే నూడుల్స్ ఎంత గట్టిగా కావాలని అడుగుతారు. మెత్తనివి యావా, మామూలువి ఫుత్సు, గట్టివి కాతా, ఇంకా గట్టివి బరికాతా. మొదటిసారి కాతా చెప్పండి. హకాతా నూడుల్స్ సన్నగా, నీళ్లు తక్కువ పోసి కలిపిన పిండితో చేస్తారు కాబట్టి సూప్‌ని త్వరగా పీల్చుకుని నిమిషాల్లో మెత్తబడతాయి. కాతా అయితే సగం తినేసరికి సరైన పాకాన ఉంటాయి. బరికాతాలో కొందరికి పచ్చి పిండి వాసన తగులుతుంది. గిన్నె వచ్చాక ఫోటోలతో కాలయాపన చేయకండి.

జుర్రడం ఏమాత్రం తప్పు కాదు. గాలితో కలిసి లోపలికి వెళ్తే వేడి తగ్గుతుంది, సూప్ వాసన ముక్కుకి అందుతుంది. ఒకేసారి నాలుగైదు పోగులే పట్టుకోండి. ఎక్కువ పట్టుకుంటే మధ్యలో కొరకాల్సి వస్తుంది, చొక్కా మీద చిందుతుంది.

ఇంకా ఆకలుంటే కాయెదామా, రెండో విడత నూడుల్స్, అడగొచ్చు. ఇది హకాతా పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది. మొదటివి రెండు మూడు పట్లు మిగిలి ఉండగానే "కాయెదామా ఒనెగైషిమాస్" (దయచేసి కాయెదామా ఇవ్వండి) అనండి, సన్నవి కనుక చప్పున ఉడికి వస్తాయి. సూప్ సగమైనా మిగిల్చాలి. నూడుల్స్‌తో వచ్చే నీటికి సూప్ చప్పబడుతుంది. బల్ల మీద తారే (సూప్‌కి రుచినిచ్చే ఉప్పటి సాస్) సీసా ఉంటే కొద్దిగా పోయండి. ఎర్ర అల్లం, కారంగా ఉండే ఆవాకు పచ్చడి, వెల్లుల్లి ఈ విడతకే దాచుకోండి. మనకి కారం మీద చెయ్యి తొందరగా పోతుంది గానీ, మొదట్లోనే వేస్తే సూప్ అసలు రుచి తెలియదు.

ఉప్పులో ఎక్కువ భాగం సూప్‌లోనే ఉంటుంది, మిగిల్చినా ఎవరూ ఏమనుకోరు. తిన్నాక గిన్నె కౌంటర్ పై గట్టు మీద పెట్టి, "గొచిసోసామా దెషితా" (భోజనానికి ధన్యవాదాలు) అని లేచి వచ్చేయండి. టిప్ ఇవ్వరు. బయట వరుస ఉంటే కబుర్లు రోడ్డు మీదికి వచ్చాకే.