పది రోజుల ట్రైనింగ్‌కి లక్షా ఇరవై వేలా?

ప్రశ్న: మా అమ్మాయి కోఠీలో బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. యూరప్‌లో పది రోజులు రకరకాల దేశాల యువతకు ‘యాక్టివ్ సిటిజన్‌షిప్’ మీద శిక్షణ ఇస్తారట. సెలెక్ట్ అయ్యావని మెయిల్ వచ్చింది. ఫీజు లక్షా ఇరవై వేలు, విమానం టికెట్టు మనమే పెట్టుకోవాలి, వారంలో కట్టేయాలి. మా బావమరిదేమో ‘ముందు ఇంట గెలవమను’ అని నవ్వుతున్నాడు. ఇది కెరీర్‌కి పనికొస్తుందా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: డబ్బు ఇంకా కట్టలేదు కదా? కట్టకండి. అలాగని అమ్మాయి ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి.

ఇలాంటి శిక్షణల్లో అసలైనవి వేరేగా నడుస్తాయి. యూరోపియన్ యూనియన్‌కి ఎరాస్మస్ ప్లస్ అనే పథకం ఉంది. అందులో యూత్ ఎక్స్చేంజ్‌లు 13 నుంచి 30 ఏళ్ల వాళ్లకి, 5 నుంచి 21 రోజులు జరుగుతాయి. బస, భోజనం, ప్రయాణం చాలావరకు గ్రాంటులోంచే వస్తాయి. పంపించేది కూడా ఆ పిల్లలు పనిచేసే స్థానిక సంస్థే. అయితే ఈ చిన్న ప్రోగ్రాములు యూరప్, దాని చుట్టుపక్కల దేశాల కోసం పెట్టినవి. మన పిల్లలకి అందుబాటులో ఉన్నది డిగ్రీ తర్వాత చేసే ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్, అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే పీజీ. స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలకి 1,400 యూరోలు ఇస్తారు. డబ్బులు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూశారా?

మీ మెయిల్‌కి పరీక్ష ఒక్కటే. ఎంపిక చేసేముందు అమ్మాయిని ఏమడిగారు? ఎక్కడైనా పనిచేశావా, తిరిగి వెళ్లాక ఏం చేస్తావు అని అడగకుండా పేరు, పాస్‌పోర్టు నంబరు తీసుకుని ‘కంగ్రాచ్యులేషన్స్’ అన్నారంటే అది ఎంపిక కాదు, టికెట్ల అమ్మకం. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఫీజు 90 యూరోలు వేరే. వీసా రాకపోతే అది వెనక్కి రాదు.

ఇక ఆ శిక్షణలో ఏం నేర్పుతారు? పౌరసత్వం అనగానే మనకి పాస్‌పోర్టే గుర్తొస్తుంది. వాళ్లు చెప్పేది వేరు. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అనుకోకుండా పూనుకోవడం. రెండేళ్ల కిందట సిటీ శివార్లలో ఒక శిక్షణని వెనక కూర్చుని చూశాను. నేపాల్, శ్రీలంక, కెన్యా, జర్మనీ, మన వరంగల్ పిల్లలు, ఓ ఇరవై మంది. అందర్నీ ఒకే గీత మీద నిలబెట్టి తలా ఒక చీటీ ఇచ్చారు. వరంగల్ అబ్బాయి చీటీలో ‘నువ్వు ఇటుక బట్టీలో పనిచేసే 17 ఏళ్ల వలస అమ్మాయివి’ అని ఉంది. ట్రైనర్ ఒక్కో వాక్యం చదువుతోంది. ‘జబ్బు చేస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లగలను.’ ‘రాత్రిపూట వీధిలో భయం లేకుండా నడవగలను.’ అవుననుకున్న వాళ్లు ఒక అడుగు ముందుకెయ్యాలి. బ్యాంకు మేనేజర్ చీటీ వచ్చిన కెన్యా కుర్రాడు అవతలి గోడ దాకా పోయాడు. మనవాడు గీత మీదే ఉండిపోయాడు. ఎలా అనిపించిందని అడిగితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తెలుగులోనే, ‘మా ఇంటెనకే బట్టీ ఉంది మేడం, ఒక్కసారి గూడ లోపలికి పోలే’ అన్నాడు. పక్కవాళ్లు ఇంగ్లిష్‌లో చెబితే అంతా నిశ్శబ్దం. ఆ తర్వాత గంటన్నర మాట్లాడుకున్నారు.

దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. అసలు శిక్షణ అదే, ఆట సాకు మాత్రమే. పదిమందిని కూర్చోబెట్టి, గొంతు పెద్దదైన వాడొక్కడే కాకుండా అందరూ మాట్లాడేలా చేయగలిగిన మనిషికి ఉద్యోగాలున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి, ఖర్చు పెట్టాలి కాబట్టి, ఆ పని చూసే మనుషులూ కావాలి. స్వచ్ఛంద సంస్థలు ఎలాగూ ఉన్నాయి. డిగ్రీ తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయొచ్చు. లేదా పేద పిల్లల బడుల్లో పాఠాలు చెప్పే టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ల ఫెలోషిప్‌కి వెళ్లొచ్చు, అది హైదరాబాద్‌లోనూ ఉంది. మొదటి జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ లెక్కలో ఉండదు, ముందే చెబుతున్నాను. పది రోజుల సర్టిఫికెట్ రెజ్యూమెలో ఒక్క లైను, అంతకు మించి కాదు.

మీ బావమరిది వెటకారంగా అన్నా ఆ మాటలో పస ఉంది. కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ఉందేమో కనుక్కోమనండి. 1969 నుంచి నడుస్తున్నదే. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. ఇప్పుడు చేరితే డిగ్రీలోపు పూర్తవుతుందేమో కూడా అడగమనండి. మీ గల్లీలో మూతలేని మ్యాన్‌హోలో, వెలగని వీధి దీపమో ఉండే ఉంటుంది. దాని గురించి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టమనండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లి క్యూలో నిలబడనివ్వండి. మీరు వెంట వెళ్లినా ఫరవాలేదు కానీ మాట్లాడేది తనే కావాలి. రేపు ఏ విదేశీ అప్లికేషన్‌లోనైనా ‘నువ్వేం చేశావు’ అన్న ప్రశ్నకి రాసుకోవడానికి అదే ఉంటుంది.

వేరే దేశాల వాళ్లతో కలవాలన్నదే కోరికైతే తార్నాక బస్సెక్కితే చాలు. ఉస్మానియాలో, ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) విదేశీ విద్యార్థులు చదువుతున్నారు. 18 నిండితే ఐక్యరాజ్య సమితి ఆన్‌లైన్ వాలంటీరుగానూ చేరవచ్చు, పైసా ఖర్చుండదు.

ప్రస్తుతానికి ఆ మెయిల్‌కి మూడు ప్రశ్నలతో జవాబు ఇప్పించండి. నిర్వాహక సంస్థ ఎక్కడ రిజిస్టరయింది, ఖర్చు భరించేదెవరు, వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారు. వాళ్లేమన్నారో నాకూ తెలియజేయండి. ఈసారి ఉత్తరం మాత్రం అమ్మాయినే రాయమనండి.